ఖాళీగా ఉండటమే దాని పని

నిండు జలాశయాన్ని చూస్తే ఎవరికైనా కళ్ళు చల్లబడతాయి. సాగుకో, తాగునీటికో, కరెంటుకో కట్టిన డ్యామ్ అయితే అలా సంతోషించడంలో తప్పేమీ లేదు. వరదను ఆపడానికి కట్టిన డ్యామ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతుంది. అది నిండుగా కనిపిస్తోందంటే రేపు రాబోయే వరదకు అందులో చోటు లేదన్నమాట. ఏడాదిలో ఎక్కువ రోజులు బోసిగా, పనీపాటా లేనట్టు పడి ఉన్నప్పుడే అది తన పని సరిగ్గా చేస్తున్నట్టు.

చిక్కేమిటంటే, ఖాళీగా కనిపించేదాన్ని ఖాళీగా ఉండనివ్వడం మనుషులకు చేతకాదు. అందులో నీళ్ళు నింపుకుందామని ఒకరికి అనిపిస్తుంది. ఇళ్ళు కట్టుకుందామని ఇంకొకరికి అనిపిస్తుంది. ఎప్పుడో గానీ అక్కరకు రానిదానికి ఏటా మరమ్మతులెందుకని డబ్బులిచ్చేవాళ్ళకు అనిపిస్తుంది. డ్యామ్ కింద బతికేవాళ్ళకు ఉన్న ప్రమాదంలో చాలా భాగం ఈ ఆలోచనల్లోంచే పుడుతుంది. వాన ఎంత పడుతుందన్నది ఎవరి చేతిలోనూ లేదు గానీ, ఇవి మన చేతిలోనివే.

ఆగదు, ఆలస్యమవుతుంది

వరద డ్యామ్ నీటిని మాయం చేయదు. వచ్చే వేగాన్ని తగ్గించి, ఒకరోజులో పోవాల్సిన నీటిని నాలుగు రోజులకు సర్దుతుంది. ఇందుకోసం జలాశయంలో కావాలని వదిలిపెట్టే ఖాళీని ఇంజినీర్లు ఫ్లడ్ కుషన్ అంటారు. అది ఎంతసేపు ఆదుకుంటుందో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు; రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఒక జలాశయంలో 20 టీఎంసీల ఖాళీ ఉందనుకుందాం. ఎగువ నుంచి 3 లక్షల క్యూసెక్కులు వస్తోంది. దిగువ నది గట్లు దాటకుండా మోయగలిగింది లక్ష క్యూసెక్కులే. కాబట్టి లక్ష వదులుతూ మిగతా 2 లక్షలు లోపల ఆపుతారు. అలా రోజుకు 17 టీఎంసీలకు పైగా చేరుతుంది. 20 టీఎంసీల ఖాళీ 28 గంటలు తిరక్కముందే నిండిపోతుంది.

ఇరవై తొమ్మిదో గంటలో ఏం జరుగుతుందన్నదే దిగువ ఊళ్ళ సమస్య. వరద అప్పటికీ తగ్గకపోతే వచ్చినంత నీటినీ వదలడం తప్ప డ్యామ్‌కు వేరే దారి లేదు. అప్పటిదాకా లక్ష క్యూసెక్కులు చూసి, 'ఇంతేలే, గండం గడిచింది' అనుకుంటున్నవాళ్ళ మీదకు కొద్ది గంటల తేడాలో మూడు లక్షలు వస్తాయి. డ్యామ్ లేకపోయినా ఆ నీళ్ళు వచ్చేవే. కానీ అప్పుడు నది మెట్టు మెట్టుగా పెరుగుతూ తానే హెచ్చరించేది. డ్యామ్ వల్ల ఆ హెచ్చరిక పోతుంది. అందుకే దాని బదులు ఎవరో ఒకరు బాధ్యతగా హెచ్చరించాలి. ఈ కథంతా చివరికి తిరిగి వచ్చేది ఈ మాట దగ్గరికే.

ఇంకో సంగతి. డ్యామ్ కింద నదిలో కలిసే వాగులూ ఉపనదులూ డ్యామ్ అదుపులో ఉండవు. వాటి వరదా, డ్యామ్ వదిలిన నీరూ ఒకే సమయానికి ఊరు చేరితే రెండూ కలిసి ముంచుతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళకైతే పోటు కూడా తోడవుతుంది. 2006 ఆగస్టులో తాపీ నది మీది ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన భారీ వరద సూరత్ చేరేసరికి అరేబియా సముద్రం పోటు మీద ఉంది. నీరు సముద్రంలోకి దిగలేక నగరంలో ఎక్కువ భాగాన్ని ముంచెత్తింది. ఎంత వదలాలన్నదానితో పాటు, ఎప్పుడు వదిలితే అది ఊరికి ఏ సమయానికి చేరుతుందన్నది కూడా చూడాల్సిందే.

చెక్కుచెదరని డ్యామ్ కింద మునిగిన ఇళ్ళు

డ్యామ్ ప్రమాదం అనగానే తెగిన కట్ట, విరుచుకుపడే నీళ్ళగోడ గుర్తొస్తాయి. నిజానికి డ్యామ్ చెక్కుచెదరకుండా, నిబంధనల ప్రకారం నడుస్తూ కూడా ఇళ్ళు ముంచగలదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగింది ఇదే.

1929లో, 1935లో వచ్చిన వరదలకు హ్యూస్టన్ నగరం అతలాకుతలమైంది. దాంతో 1940లలో ఆడిక్స్, బార్కర్ అనే రెండు మట్టి డ్యామ్‌లు కట్టారు. రెండూ మామూలు రోజుల్లో ఎండిపోయి ఉండే వరద డ్యామ్‌లే. వాన పడితే నీటిని పట్టి ఉంచి, తర్వాత నెమ్మదిగా బఫెలో బేయూ అనే కాలువలాంటి నదిలోకి వదులుతాయి. కట్టినప్పుడు అవి ఊరికి దూరంగా, గడ్డి మైదానాల మధ్య ఉండేవి. జలాశయం పూర్తిగా నిండితే నీరు ఎంత దూరం పాకుతుందో అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. కొంత కొని, మిగతాది వదిలేసింది. వరి పొలాలూ పశువుల మేతబీళ్ళే కదా, అప్పుడప్పుడూ మునిగినా ఫర్వాలేదనుకున్నారు కాబోలు.

నగరం పెరిగింది. ఆ మిగిలిన భూమిలో లేఅవుట్లు వెలిశాయి. జలాశయం లోపల, అంటే డ్యామ్‌కు ఎగువన, వేల ఇళ్ళు వచ్చాయి. దిగువన బఫెలో బేయూ గట్ల వెంబడి కూడా ఖరీదైన కాలనీలు లేచాయి. కొన్ని లేఅవుట్ పత్రాల్లో, ఈ స్థలం డ్యామ్ నిర్వహణలో భాగంగా మునిగే అవకాశం ఉందని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రాసే ఉంది. ఇల్లు కొనేటప్పుడు లేఅవుట్ ప్లాన్‌లో అలాంటి వాక్యాలు వెతికి చదివేవాళ్ళు ఎంతమంది?

2017 ఆగస్టులో హార్వే తుపాను వచ్చి రోజుల తరబడి కుమ్మరించింది. రెండు జలాశయాల్లోనూ నీరు మునుపెన్నడూ లేనంత ఎత్తుకు చేరి, ప్రభుత్వ భూమి హద్దు దాటి మరో ఆరడుగులు పెరిగింది. ఎగువన ఇళ్ళు మునుగుతున్నాయి. గేట్లు ఎత్తితే దిగువన ఇళ్ళు మునుగుతాయి. ఎత్తకపోతే కట్టకే ముప్పు, దాని కింద ఉన్నది అమెరికాలోని అతి పెద్ద నగరాల్లో ఒకటి. ఆగస్టు 28న తెల్లవారకముందే గేట్లు ఎత్తారు. డ్యామ్‌లు నిలబడ్డాయి. ఎగువనా దిగువనా వేల ఇళ్ళు మునిగాయి. ఎగువవాళ్ళ ఆస్తిని ప్రభుత్వం వరద నిల్వకు వాడుకున్నట్టేనని 2019 డిసెంబరులో ఒక ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. దిగువవాళ్ళ దావాను మొదట కొట్టేసినా, 2022లో పై కోర్టు దాన్ని తిరిగి తెరిచింది.

ఇక్కడ గేట్లు ఎత్తినవాళ్ళను తప్పుపట్టడం తేలిక, కానీ న్యాయం కాదు. ఆ రాత్రికి వాళ్ళ ముందున్న దారులన్నీ చెడ్డవే. అసలు నిర్ణయం 1940లలో, నీరు పాకే భూమంతా కొనకుండా మిగిల్చినప్పుడే జరిగిపోయింది. తర్వాత ప్రతి లేఅవుట్ అనుమతితోనూ అది మళ్ళీ మళ్ళీ జరిగింది.

ఇదే పని వేరేగా చేసినవాళ్ళూ ఉన్నారు. 1913 మార్చిలో అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణాన్ని వరద ముంచింది. మయామి నది లోయలో 300 మందికి పైగా చనిపోయారు. అటకలెక్కి, కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు నీళ్ళు తీశాక చందాలు పోగేశారు. ఆర్థర్ మోర్గన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1922 నాటికి ఐదు డ్యామ్‌లు కట్టించారు. వాటికి గేట్లు లేవు. అడుగున ఎప్పుడూ తెరిచి ఉండే సొరంగాలున్నాయి. మామూలు నది వాటిలోంచి సాఫీగా పోతుంది. అంతకు మించి వస్తే, పట్టనంత నీరు తనంతట తానే వెనక నిలుస్తుంది. 1913 నాటి వరద కంటే 40 శాతం ఎక్కువ వచ్చినా తట్టుకునేలా వాటిని రూపొందించారు. నీరు నిలిచే భూముల్ని కొనడమో, అవి మునగవచ్చనే హక్కును ముందే రాయించుకోవడమో చేశారు. కొన్న భూముల్లో చాలావాటిని ఇళ్ళు కట్టకూడదనే షరతుతో రైతులకు తిరిగి అమ్మారు. వందేళ్ళుగా అక్కడ పంటలు పండుతున్నాయి, పార్కులున్నాయి, వరదొస్తే అవి మునుగుతాయి, తీస్తే మళ్ళీ దున్నుకుంటారు. గేటు ఎప్పుడు ఎత్తాలనే తలనొప్పే లేదు, ఎందుకంటే ఎత్తడానికి గేటే లేదు. ఇలాంటి డ్యామ్ అన్ని నదులకూ కుదరదు. కుదిరినచోట మాత్రం దీన్ని మించినది లేదు.

రెండు పనులు, ఒకే పాత్ర

ఎక్కువ డ్యామ్‌లకు ఆ అదృష్టం లేదు. డబ్బు పెట్టి కట్టాక అందులోంచి తాగునీరూ కావాలి, సాగునీరూ కావాలి, కరెంటూ కావాలి, వరదా ఆగాలి. మొదటి మూడు పనులకు జలాశయం నిండుగా ఉండాలి, నాలుగోదానికి ఖాళీగా ఉండాలి. ఏ నెలలో ఎంత మట్టం దాటకూడదో చెప్పే పట్టిక ఒకటి రాసుకుని ఈ పేచీని తీరుస్తారు. దాన్ని రూల్ కర్వ్ అంటారు. కాగితం మీద అది చక్కగానే ఉంటుంది. కరువు వచ్చిన ఏడాదే అసలు పరీక్ష. వానాకాలం సగం గడిచినా సరిగ్గా వానల్లేక, జలాశయం ఇప్పుడిప్పుడే నిండుతుంటే, 'రూల్ ప్రకారం పది టీఎంసీలు కిందికి వదిలేయండి' అని చెప్పగలిగే అధికారి ఎక్కడున్నాడు? వదిలాక వానలు మొహం చాటేస్తే అతనికి మిగిలేది తిట్లే. నిండా ఉంచి, వరదొచ్చి ఊళ్ళు మునిగితే మాత్రం ప్రకృతి వైపరీత్యం అని సర్దిచెప్పుకోవచ్చు. ఈ టెన్షన్‌లో మనిషి ఎటు మొగ్గుతాడో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరానికి ఎగువనున్న వివెన్‌హో డ్యామ్‌ది ఇలాంటి కథే. 1974 వరద తర్వాత కట్టడం మొదలుపెట్టి, 1984 నాటికి పూర్తిచేశారు. తాగునీటికి ఒక భాగం, దాని పైన వరద కోసం అంతకంటే పెద్ద ఖాళీ. తర్వాత ఏళ్ళ తరబడి సాగిన తీవ్రమైన కరువు. ఆ కరువు తీరిన వెంటనే, 2011 జనవరిలో పెద్ద వాన. ఖాళీ నిండిపోతుండటంతో భారీగా నీరు వదలాల్సి వచ్చింది, నగరం మునిగింది. ముందుగానే ఇంకాస్త వదిలి ఉంటే ఇంత జరిగేది కాదంటూ వేల మంది కోర్టుకెక్కారు. ఇంజినీర్లు నిర్లక్ష్యం చూపారని 2019లో కోర్టు చెప్పింది. డ్యామ్ నడిపే సంస్థ విషయంలో ఆ తీర్పును 2021లో పై కోర్టు తిరగరాసింది. ప్రభుత్వం మాత్రం అప్పటికే తన వంతు పరిహారానికి ఒప్పుకుంది. పదేళ్ళు తీరిగ్గా కాగితాలు పరిశీలించిన న్యాయమూర్తులే ఏకాభిప్రాయానికి రాలేకపోయిన విషయాన్ని, వాన కురుస్తుండగా రాత్రి రెండింటికి ఇంజినీర్లు తేల్చాలి.

హైదరాబాద్ జంట జలాశయాల చరిత్ర కూడా ఈ కోవలోనిదే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15,000 మంది చనిపోయినట్టు చెబుతారు. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఎగువన వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టాలని సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తర్వాతి తరాలకు అవి మంచినీటి చెరువులుగానే తెలుసు. దిగువన మూసీ చిక్కిపోయింది, గర్భంలోకే ఇళ్ళు చొచ్చుకొచ్చాయి. గేట్లు ఎత్తిన ప్రతిసారీ, అవి అసలు దేనికోసం కట్టినవో నగరం కొత్తగా తెలుసుకుంటుంది.

నది చిక్కిపోవడం అనే ముక్క దగ్గర కాస్త ఆగాలి. నదీగర్భంలో కట్టుకున్నవాళ్ళు మునిగితే ఆ నష్టం వాళ్ళదే అనుకుంటారు చాలామంది. పై లెక్కనే మళ్ళీ చూడండి. దిగువ నది మోయగలిగింది లక్ష నుంచి 50 వేల క్యూసెక్కులకు పడిపోయిందనుకుందాం. ఇళ్ళు మునుగుతాయని అంతకు మించి వదలలేరు. అప్పుడు లోపల చేరేది 2 లక్షలు కాదు, రెండున్నర లక్షలు. 28 గంటలు ఆదుకోవాల్సిన ఖాళీ 22 గంటల్లోనే అయిపోతుంది. గట్టు మీద ఒక కాలనీ లేస్తే, ఆ నది వెంబడి ఉన్న ఊళ్ళన్నిటికీ డ్యామ్ ఇచ్చే రక్షణలోంచి కొన్ని గంటలు తరిగిపోతాయి. డ్యామ్‌లో ఒక్క ఇటుక కదలదు. కానీ డ్యామ్ చిన్నదైపోతుంది.

కట్టే తెగితే

డ్యామ్ తెగడం అరుదు. కానీ తెగితే దానికీ మామూలు వరదకూ పోలికే ఉండదు. మట్టికట్టలు తెగడానికి ముఖ్యంగా రెండు కారణాలు. నీరు కట్ట మీద నుంచి పొర్లి వెనక మట్టిని కోసెయ్యడం ఒకటి. లోపల బుంగ పడి, ఆ దారిన మట్టి కొంచెం కొంచెంగా కొట్టుకుపోవడం రెండోది. కట్ట కింద ఊట ఉండటం మామూలే. ఆ ఊట తేటగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. మట్టి రంగు తిరిగిందా, కట్ట లోపలి మట్టి బయటికొస్తోందని అర్థం. కట్ట మీద మొలిచిన చెట్లను కొట్టేయించేదీ, బొరియలు పూడ్పించేదీ అందుకే.

వరద డ్యామ్‌కు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సాగునీటి డ్యామ్ ఏటా నిండుతుంది, కాబట్టి ఎక్కడ ఊరుతోందో, ఏ గేటు మొరాయిస్తోందో ఏటా తెలుస్తుంది. వరద డ్యామ్ పూర్తిగా నిండేది తరానికి ఒకసారో, ఎప్పుడూ లేదో. అంటే దాని బలానికి అసలైన పరీక్ష జరిగేది అతి పెద్ద తుపాను రోజునే, కింద జనం ఉండగానే. ఎన్నేళ్ళుగానో ఏమీ కాలేదంటే గట్టిదని కాదు, ఇంకా పరీక్షకు రాలేదని.

లిబియాలోని డెర్నా ఈ మాటకు భయంకరమైన సాక్ష్యం. ఎప్పుడూ ఎండి ఉండే వాగు ఒకటి ఆ ఊరి మధ్య నుంచి సముద్రంలోకి పోతుంది. దాని వరదల నుంచి కాపాడటానికి 1970లలో ఎగువన రెండు డ్యామ్‌లు కట్టారు. పైది అబూ మన్సూర్, 74 మీటర్ల ఎత్తు, 2.25 కోట్ల ఘనపు మీటర్ల నిల్వ. కిందది 45 మీటర్ల ఎత్తుతో ఊరికి ఆనుకునే ఉండేది. 1990ల చివర్లోనే పగుళ్ళు కనిపించాయి. 2007లో మరమ్మతుల కాంట్రాక్టు ఇచ్చారు. 2011లో దేశం అంతర్యుద్ధంలో పడటంతో ఆ పని అటకెక్కింది. ఈ డ్యామ్‌లు ప్రమాదకరంగా ఉన్నాయని 2022లో ఒక లిబియా పరిశోధకుడు రాసినా కదలిక రాలేదు. 2023 సెప్టెంబరు 10 రాత్రి డేనియల్ తుపాను విరుచుకుపడింది. దగ్గర్లోని బైదాలో 24 గంటల్లో 414 మిల్లీమీటర్ల వాన నమోదైంది. పై డ్యామ్ తెగి, ఆ నీరు కింది డ్యామ్‌నూ తెంచుకుని, నిద్రలో ఉన్న ఊరిని సముద్రంలోకి ఊడ్చేసింది. వేల మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఖాళీ చేయమని చెప్పినవాళ్ళూ ఉన్నారు, ఇళ్ళల్లోంచి కదలొద్దని చెప్పినవాళ్ళూ ఉన్నారు. 2024 జులైలో అక్కడి కోర్టు 12 మంది అధికారులకు జైలుశిక్షలు వేసింది.

ఒక డ్యామ్ తెగితే దాని కిందున్నది కూడా తెగుతుందనేది డెర్నా చెప్పే రెండో విషయం. చైనాలోని హెనాన్‌లో 1975 ఆగస్టులో బాన్‌చియావ్‌తో పాటు ఒకే తుపానులో 62 డ్యామ్‌లు పోయాయి. అక్కడ ఫోన్లు, టెలిగ్రాఫ్ తీగలు తెగిపోయి డ్యామ్‌కూ దిగువకూ మధ్య మాటే లేకుండా పోయింది.

డబ్బుకు కొదవ లేని చోట కూడా ఈ నిర్లక్ష్యం తప్పలేదు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్ డ్యామ్‌కు ఒక అత్యవసర స్పిల్‌వే, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే దారి, ఉంది. 1968లో డ్యామ్ పూర్తయ్యాక 2017 దాకా ఎన్నడూ దాని అవసరం రాలేదు. అప్పట్లో దాని కింద కాంక్రీటు ఉండేది కాదు, ఉత్త కొండవాలు. అక్కడ కాంక్రీటు వేయాలని 2005లోనే పర్యావరణ సంఘాలు కోరాయి. 2017 ఫిబ్రవరిలో ప్రధాన స్పిల్‌వే మధ్యలో పెద్ద గొయ్యి పడటంతో నీరు తొలిసారి అత్యవసర స్పిల్‌వే మీదుగా పారింది. ఒక్క రోజులోనే కొండవాలు కోసుకుపోతూ స్పిల్‌వే అంచు వైపు వచ్చింది. 1,88,000 మందిని అప్పటికప్పుడు ఖాళీ చేయించాల్సి వచ్చింది, రోడ్లన్నీ కార్లతో ఇరుక్కుపోయాయి. డ్యామ్ నిలబడింది. మరమ్మతులకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

మాటల దగ్గరే మొదలయ్యే తికమక

'హై హజార్డ్ డ్యామ్' అని వార్తల్లో కనిపిస్తే, అది శిథిలంగా ఉందనుకుంటారు. ఆ మాటకు డ్యామ్ ఆరోగ్యంతో సంబంధమే లేదు. తెగితే ప్రాణాలు పోతాయా లేదా అన్నది చూసి పెట్టే వర్గం అది. నిన్న కట్టిన ఉక్కులాంటి డ్యామ్ కూడా దిగువన ఊరుంటే హై హజార్డే. మరి రిస్క్ అంటే? తెగే అవకాశం ఎంత, తెగితే పోయేదెంత అనే రెండింటి గుణకారం. డ్యామ్ ఏమాత్రం మారకపోయినా, దిగువన జనాభా రెట్టింపైతే రిస్క్ కూడా రెట్టింపవుతుంది. పొలాల మధ్య కట్టినప్పుడు సరిపోయిన స్పిల్‌వే, ఆ పొలాలు ఊరయ్యాక సరిపోకపోవచ్చు.

'వందేళ్ళకోసారి వచ్చే వరద' అన్నది ఇంకా మోసపుచ్చే మాట. మొన్ననే వచ్చింది కదా, మళ్ళీ మన మనవళ్ళ కాలంలోనే అనుకుంటారు. దాని అర్థం ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. ముప్పై ఏళ్ళ లోన్‌తో ఇల్లు కొన్నవాళ్ళు ఆ అప్పు తీరేలోపు దాన్ని చూసే అవకాశం నూటికి 26. ఇంటికి నిప్పంటుకునే అవకాశం అంత ఉంటే ఎవరూ నిద్రపోరు. పైగా ఈ లెక్కలన్నీ పాత వానల రికార్డుల మీద కట్టినవి. వాతావరణం వేడెక్కే కొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది, కుండపోతలు పెరుగుతున్నాయి. పాత లెక్కలో వందేళ్ళ వరద అన్నది చాలాచోట్ల ఇప్పుడు అంతకంటే తరచుగా వచ్చే వరద అవుతోంది.

డ్యామ్ ఉందన్న ధైర్యమే దిగువకు జనాన్ని లాగుతుందని అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940ల నుంచీ చెబుతూ వచ్చాడు. ఏటా మోకాలి లోతు నీళ్ళొచ్చే చోట ఎవరూ ఇల్లు కట్టరు. డ్యామ్ వచ్చి ఇరవై ఏళ్ళు నీళ్ళు రాకపోతే కడతారు. చిన్న వరదలన్నీ పోయి, వాటితోపాటు ఎక్కడిదాకా నీళ్ళొస్తాయనే జ్ఞాపకమూ పోయి, చివరికి పెద్ద వరదొక్కటే మిగులుతుంది.

గంటన్నర

డ్యామ్ వరదలో ఎంతమంది చనిపోతారన్నది నీటి పరిమాణం మీద కంటే, వాళ్ళకు ఎంత ముందు తెలిసిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని అమెరికాలో పాత ప్రమాదాలను పరిశీలించినవాళ్ళు తేల్చారు. గంటన్నర కంటే ముందు హెచ్చరిక అందిన చోట మరణాలు బాగా తక్కువ. ఐడహోలోని టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే తెగిపోయింది. పొద్దున్నే లీకేజీ కనిపించింది, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా కట్ట కూలింది. ఈలోపు దిగువన ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయినా మరణాలు 11 దగ్గర ఆగాయి. అదే రాత్రి రెండింటికి జరిగి ఉంటే ఆ అంకె ఎక్కడుండేదో!

గంటన్నర అంటే ఎక్కడి నుంచి లెక్క? కట్ట దగ్గరి మనిషి బురద ఊటను చూసిన క్షణం నుంచి కాదు, దిగువన చివరి ఇంట్లో మనిషికి తెలిసిన క్షణం నుంచి. మధ్యలో డ్యామ్ మీది ఉద్యోగి పైవాళ్ళకు ఫోన్ చేయాలి. వాళ్ళు నిర్ణయించాలి. జిల్లా యంత్రాంగానికి కబురెళ్ళాలి. సైరన్ మోగాలి. విన్నవాళ్ళు నమ్మాలి. మనుషులు ఒక్క హెచ్చరికకు కదలరు. పక్కింటివాళ్ళు బయల్దేరారా అని చూస్తారు, టీవీ పెడతారు, కొడుక్కి ఫోన్ చేస్తారు. ఇది మూర్ఖత్వం కాదు, మానవ స్వభావం. ఒకే మాట రెండు మూడు చోట్ల నుంచి వినబడితే గానీ నమ్మకం కుదరదు. సైరన్, ఫోన్‌లో మెసేజ్, మైకు పెట్టిన జీపు, మూడూ అదే మాట చెప్పాలి. డెర్నాలోలాగా రెండు నోళ్ళు రెండు మాటలు చెబితే ఎంత ముందు చెప్పినా వృథా.

ఇక చెప్పే భాష. 'ప్రస్తుతం 2,40,000 క్యూసెక్కులు విడుదల చేస్తున్నాం, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అనే ప్రకటన విన్న మనిషికి ఏం తెలిసింది? తన ఇల్లు లోతట్టో కాదో అతనికి తెలియదు. అప్రమత్తంగా ఉండటమంటే ఏం చేయాలో తెలియదు. 'సాయంత్రం ఆరింటికల్లా పాత వంతెన మునుగుతుంది, రైలు కట్టకు ఇవతలున్న వీధులన్నీ ఖాళీ చేసి హైస్కూలుకు వెళ్ళండి' అంటే తెలుస్తుంది. ఇలా చెప్పాలంటే ఏ ప్రవాహానికి ఏ వీధిలోకి నీరొస్తుందో చూపే ముంపు పటాలు ముందే ఉండాలి. చాలాచోట్ల అవి ఉంటాయి, బీరువాలో. భద్రతా కారణాలంటూ కొందరు దాచిపెడతారు, భూముల ధరలు పడిపోతాయని ఇంకొందరు బయటపెట్టరు. ఏ వీధి వరకు మునుగుతుందో ఆ వీధివాళ్ళకు తెలియకుండా దాచిన పటం ఎవరి భద్రత కోసమో అర్థం కాదు.

వరదే లేని రోజున కూడా హెచ్చరిక అవసరం పడుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగిన 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. డ్యామ్‌కు ఏమీ కాలేదు. రాళ్ళు తేలి, తక్కువ నీళ్ళతో ఉన్న నది నిమిషాల్లో మారిపోయింది. గేట్లను మెట్టు మెట్టుగా ఎత్తడం, మొదట కొద్దిగా వదిలి, జనం బయటికొచ్చేంత వ్యవధి ఇచ్చి ఆ తర్వాత పెంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

మన దేశంలో 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం పెద్ద డ్యామ్‌లన్నిటికీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటోంది. చాలా దేశాల్లో ఇలాంటి నిబంధనే ఉంది. లావుపాటి ఫైలు తయారవుతుంది, సంతకాలు పడతాయి. ఆ ఫైలు పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు. అందులో చివరి పేజీల్లో ఎవరికి ఎవరు ఫోన్ చేయాలో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. వానలు మొదలవ్వక ముందు, ముందుగా చెప్పకుండా, ఒక అర్ధరాత్రి ఆ నంబర్లన్నిటికీ వరసగా ఫోన్ చేసి చూడాలి. కొన్ని స్విచాఫ్ వస్తాయి. కొన్నిచోట్ల బదిలీ అయిపోయిన అధికారి ఎత్తి, 'నేను అక్కడ మానేసి మూడేళ్ళయింది' అంటాడు. ఆ రాత్రికి ఎంతమంది ఎత్తారో, వాళ్ళలో ఏం చేయాలో ఎంతమందికి తెలుసో రాసి పెట్టుకోవాలి. కట్ట కింద ఉన్న ఊరికి ఆ ఏడాది నిజంగా ఉన్న రక్షణ అంతే.